తుపాను వేళ ఫజర్

చిలుకూరి నారాయణరావు పేరు చెప్పగానే సాహిత్య లోకానికి ‘ఆంధ్ర భాషా చరిత్రము’ గుర్తొస్తుంది. ఉత్తరాంధ్రలో పుట్టి, అనంతపురం కళాశాలలో పాఠాలు చెప్పి, గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషావాదానికి అండగా నిలిచిన పండితుడాయన. ఆయన చేసిన మరో పెద్ద పనిని తలుచుకునేవారు తక్కువ. ముస్లిం కాకపోయినా, 1920లలోనే ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు. పొరుగువాడి ప్రార్థనలో ఏముందో తెలుసుకోవాలన్న కుతూహలం ఒక పండితుడి చేత అంత శ్రమ చేయించింది. ఈ ఉపన్యాసం ఆయన స్మృతికి.

రోజువారీ నమాజు మనసుకు నెమ్మదినిస్తుందంటారు. ఆ మాటను పలాస, టెక్కలి, ఉద్దానం తీరాన నిలబడి పరిశీలించడం ఇక్కడి పని. శ్రీకాకుళం జిల్లా జనాభాలో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు కదా, ఈ పరిశీలన ఇక్కడే ఎందుకని ఎవరైనా అడగవచ్చు. సంఖ్య తక్కువైనా వారి ఉనికి పాతదే. శ్రీకాకుళం పట్టణంలోని జామియా మసీదు 1640లలో, గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కాలం నాటిది. ఆ తర్వాత శ్రీకాకుళం పేరు మీదే ఇదంతా చికాకోలు సర్కారు అయింది. కళింగపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న దర్గాకు ఏ మతం వారైనా మొక్కులు తీసుకువెళ్తారు. అంటే దాదాపు నాలుగు వందల ఏళ్లుగా ఈ తీరం మీద రోజుకు అయిదు పూటలా ఎవరో ఒకరు నుదురు నేలకు ఆనిస్తూనే ఉన్నారు.

ముందు కొన్ని లెక్కలు చూడాలి, ఎందుకంటే నమాజు మొదలయ్యేదే లెక్కతో. తెల్లవారుజామున ఫజర్, మధ్యాహ్నం జుహర్, పొద్దు వాలాక అసర్, సూర్యాస్తమయం అయిన వెంటనే మగ్రిబ్, చీకటి ముదిరాక ఇషా. ఇవి గడియారం చెప్పే వేళలు కావు, సూర్యుడు చెప్పేవి. అందుకే హైదరాబాదులో అచ్చయిన వేళల పట్టిక పలాసలో పనికిరాదు. పలాస తూర్పున దాదాపు ఆరు డిగ్రీల రేఖాంశం దూరంలో ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి పలాసలో పొద్దు వాలడం మొదలై ఇరవై నాలుగు నిమిషాలు. జూన్‌లో ఇక్కడ అయిదుంపావుకే సూర్యోదయం, డిసెంబరులో అయిదుంపావు దాటగానే సూర్యాస్తమయం. ఊరు మారితే దిక్కు కూడా మారుతుంది. పలాస నుంచి మక్కా నేరుగా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరానికి పదకొండు పన్నెండు డిగ్రీలు జరిగి ఉంటుంది. కాబట్టి ఉద్దానంలో ఖిబ్లా, అంటే మక్కా వైపు తిరిగి నిలబడితే సముద్రం వీపు వెనక ఉంటుంది.

ఈ అయిదు పూటల్లో తప్పనిసరిగా చేయవలసినవి పదిహేడు రకాతులు, అంటే నిలబడి, వంగి, నుదురు నేలకు ఆనించే ఆవృతులు: ఫజర్‌కు రెండు, జుహర్, అసర్, ఇషాలకు నాలుగేసి, మగ్రిబ్‌కు మూడు. ఒక్కో రకాతులో రెండు సజ్దాలు. అంటే రోజుకు ముప్పై నాలుగు సార్లు నుదురు, ముక్కు, రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వేళ్లు నేలను తాకాలి. నిలబడిన ప్రతిసారీ ఖురాన్‌లోని మొదటి అధ్యాయం, ఏడు వాక్యాల ఫాతిహా. తప్పనిసరి రకాతులు మాత్రమే చేస్తే ఒక పూటకు అయిదారు నిమిషాలు చాలు. సున్నత్, నఫిల్ అనే అదనపు రకాతులు కలిపితే ఇంకొంత.

మరి ఇందులో నెమ్మది ఎక్కడుంది?

ప్రవక్త మాటలు, చేతలు నమోదైన హదీసుల్లో ఒక సంఘటన ఉంది. మదీనా మసీదులో ఒకతను హడావిడిగా నమాజు ముగించుకుని ప్రవక్త దగ్గరకు వచ్చి సలాము చేశాడు. వెళ్లి మళ్లీ చేయి, నువ్వు చేసింది నమాజు కాలేదు అని ప్రవక్త పంపించేశారు. అలా మూడుసార్లు అయింది. చివరికి అతను, ఇంతకంటే బాగా నాకు రాదు, నేర్పండి అన్నాడు. అప్పుడు ప్రవక్త నేర్పింది ధ్యానం గురించి కాదు, భక్తిభావం గురించీ కాదు. వంగినప్పుడు ఒళ్లు కుదుటపడేదాకా ఆగమన్నారు. లేచినప్పుడు నిటారుగా నిలిచేదాకా, సజ్దాలో కదలిక ఆగేదాకా, కూర్చున్నప్పుడు కుదురుగా ఉండేదాకా ఆగమన్నారు.

ఈ సంఘటనను ఎంత పరిశీలిస్తే అంత ఆశ్చర్యం. ధర్మశాస్త్రజ్ఞులు తర్వాతి కాలంలో దీన్నే నియమంగా స్థిరపరిచారు. ఆంధ్ర ప్రాంత ముస్లింలలో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయంలో ఈ ఆగడం వాజిబ్, అంటే వదలకూడనిది. మనసు నిలకడగా ఉండటం ఎంతో కోరదగినదే, ఖురాన్ కూడా వినమ్రతతో నమాజు చేసేవారినే సఫలులంటుంది. అయినా మనసు చెదిరినంత మాత్రాన నమాజు చెల్లలేదని న్యాయశాస్త్రం అనదు. కీళ్లు నిలవకపోతే మాత్రం ఊరుకోదు. మనిషి చేతిలో ఉన్నది ముందు అడిగింది, చేతిలో లేనిదాన్ని ప్రయత్నానికి వదిలింది. మనశ్శాంతి గురించి నేడు బజారులో దొరికే పుస్తకాలు చాలావరకు ఈ వరసను తలకిందులు చేస్తాయి. ముందు మనసును సరిచేసుకోమని, ఒళ్లు దానంతట అదే సర్దుకుంటుందని చెబుతాయి. దుఃఖంలో ఉన్నవాడిని మనసు సరిచేసుకోమనడం ఎంత సులువో, అతనికి అది చేయడం అంత కష్టం. నడుము వంచి, మూడుసార్లు తస్బీహ్, అంటే దైవస్తుతి, చెప్పేదాకా కదలకుండా ఉండటం మాత్రం ఎవరికైనా సాధ్యమే.

మనసు సంగతి ఎరిగినవాడు ఇమాం గజాలీ. బాగ్దాద్ నిజామియా విద్యాలయంలో పెద్ద ఆచార్యుడు, వందల మంది శిష్యులు. 1095లో ఒక రోజు పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు. అన్నం సహించలేదు. వైద్యులు పరీక్షించి, ఇది మనసులో మొదలై ఒంటికి పాకిన జబ్బు, మందులతో తగ్గేది కాదని చేతులెత్తేశారు. ఆయన పదవి వదిలి దమస్కు వెళ్లి, అక్కడి పెద్ద మసీదు మినారులో ఏకాంతంగా రోజులు గడిపాడు. ఆ తర్వాత రాసిన ‘ఇహ్యా’ గ్రంథంలో నమాజు అంతరార్థాలకు ఒక ప్రకరణమే కేటాయించాడు. మసీదులో నిలబడ్డవాడి మనసు ఎక్కడెక్కడ తిరుగుతుందో అందులో నిర్మొహమాటంగా చెబుతాడు. ఆలోచనలను బలవంతంగా తరమడం కంటే, వాటి వేరు ఎక్కడుందో చూడమంటాడు. కంటి ముందు ఉన్న వస్తువు చెదరగొడుతుంటే దాన్ని తీసేయాలి, తీరని పని చెదరగొడుతుంటే ముందు ఆ పని తీర్చుకోవాలి. భోజనం వడ్డించి ఉంటే ముందు తినమని ప్రవక్త చెప్పిన మాట కూడా ఈ దారిలోదే. అప్పటికే అన్నీ చదివిన గజాలీకే రోజూ చేసే నమాజు ఒక దశలో చాలలేదన్నది గమనించవలసిన సంగతి. శాంతి గ్యారంటీగా వస్తుందని చెప్పేవారు ఈ కథను దాటవేస్తారు.

ఇక ఉద్దానానికి వద్దాం. నమాజుకు ముందు వుజూ ఉంది: చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల వరకు కడిగి, తడిచేత్తో తల తుడిచి, పాదాలు కడగడం. నీటి పేరు చెప్పగానే, కిడ్నీ జబ్బులతో సతమతమయ్యే ఉద్దానంలో ఎవరికైనా గుబులే. ప్రవక్త ముద్ద్ అనే కొలతకు ఒకటి నీటితో వుజూ ముగించేవారని హదీసు. అది ఎక్కువమంది లెక్కలో ముప్పావు లీటరు కూడా ఉండదు. కుళాయి తిప్పి వదిలేసే నేటి అలవాటుకు అది చాలా దూరం. తీరం వారికి పనికొచ్చే మరో ఘట్టమూ ఉంది. పడవల మీద తిరిగేవారు కొందరు వచ్చి, మా వెంట తాగేనీళ్లు కొద్దిగానే ఉంటాయి, వుజూకు వాడితే దాహంతో పోతాం, సముద్రపు నీళ్లతో చేయవచ్చా అని అడిగారు. చేయవచ్చన్నారు ప్రవక్త. బారువలోనో భావనపాడులోనో పడవ దిగినవారికి ఈ ప్రశ్న ఎందుకు పుట్టిందో వివరించి చెప్పనక్కర్లేదు.

పలాస, కాశీబుగ్గ అనగానే జీడిపప్పు. ఈ పరిశ్రమలో పిక్కలు కొట్టేవారిలోనూ, పొట్టు తీసేవారిలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే. పెంకులోని జిగట నూనె చర్మాన్ని కాలుస్తుంది, వేళ్ల మీద నల్లటి మరకలు విడుస్తుంది. ఆ చేతులతో వుజూ చెల్లుతుందా? దీనికి ధర్మశాస్త్రం చెప్పే జవాబు సూటిగా ఉంటుంది. రంగు మిగిలితే ఫరవాలేదు, గోరింటాకు మిగలడం లేదా? నీరు చర్మానికి తగలకుండా అడ్డుపడే పొర ఉంటే మాత్రం తీయాలి, తీయడానికి వీల్లేనంతగా అంటుకుపోతే అది ఇబ్బంది కిందకు వస్తుంది, ఇబ్బందికి సడలింపు ఉంది. కూలి చేసుకునేవారి చేతుల గురించి శాస్త్రకారులు ఇంత వివరంగా ఆలోచించారు. శుచి పేరుతో పనిచేసేవారిని బయట నిలబెట్టే ఆచారాలు చూసిన సమాజానికి ఇది చిన్న విషయం కాదు.

2018 అక్టోబరు 11, గురువారం. తిత్లీ తుపాను తెల్లవారుజామున నాలుగున్నరకూ అయిదున్నరకూ మధ్య పలాసకు దగ్గరలో తీరం దాటింది. ఆ రోజు పలాసలో సూర్యోదయం అయిదూముప్పావుకు. లెక్క వేసి చూస్తే, తుపాను నేలను తాకిన ఆ గంటా దాదాపు పూర్తిగా ఫజర్ వేళే. గంటకు నూట నలభై కిలోమీటర్లకు పైబడిన గాలి. కరెంటు లేదు, మైకు లేదు, తలుపు తీసే వీలు లేదు. లక్షల కొబ్బరి చెట్లు, జీడి చెట్లు, పనసలు నేలకూలాయి. కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో ఉద్దానం రైతుకు తెలుసు.

అలాంటి వేళ నమాజు సంగతేమిటి? గాలివానలో మసీదుకు రావాలన్న పట్టుదల ఇస్లాంలో లేదు. వాన, చలిగాలి ఉన్న రాత్రి నమాజుకు పిలుపైన అజాన్‌లోనే, మీమీ చోట్లనే నమాజు చేసుకోండి అని ప్రకటించమనే సంప్రదాయం ప్రవక్త కాలం నుంచి ఉంది. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు కువైట్‌లో అజాన్ పిలిచే మౌజన్లు ఈ మాటనే అందులో కలిపి పిలిచారు. ప్రపంచమంతా అది కొత్త అనుకుంది, నిజానికి పాత అనుమతే. యుద్ధంలో శత్రువు ఎదుట ఉన్నప్పుడు సగం మంది కాపలా కాస్తూ సగం మంది నమాజు ఎలా చేయాలో ఖురాన్‌లోనే ఉంది. భయం తగ్గాకే ప్రార్థన అని ఎక్కడా అనలేదు. ఇల్లు ఊగుతుంటే చాప మీద నిలబడి, వంగి, ఆగి, లేచి, మళ్లీ ఆగినవాడికి భయం పోయిందని చెప్పలేం. కానీ ఆ అయిదు నిమిషాలూ చేయవలసిన పని ఒకటి అతని ముందు ఉంది, అది అతనికి చేతనైన పని. తుపాను రాత్రుల్లో మనిషిని కుంగదీసేది భయం కంటే చేతులు కట్టేసినట్టుండే స్థితి అని ఈ తీరం వారు ఒప్పుకుంటారు.

ఇదే తరహా ఉదాహరణ బంగాళాఖాతం మరో కొసన, రామేశ్వరంలో దొరుకుతుంది. అబ్దుల్ కలాం తన తండ్రి జైనులాబ్దీన్ గురించి ఆత్మకథలో రాశారు. నాలుగింటికి లేచి నమాజు, తర్వాత నాలుగు మైళ్ల దూరంలోని సొంత కొబ్బరి తోటకు నడక, డజను కాయలు భుజాన వేసుకుని తిరిగి వచ్చాకే ఫలహారం. యాత్రికులను ధనుష్కోటికి చేరవేయడానికి ఆయన కట్టుకున్న పడవను ఒక తుపాను పట్టుకుపోయింది. అయినా ఆయన దినచర్య ఆగలేదు. కలాం తన తండ్రిని అద్భుతాలు చూపే సాధువుగా వర్ణించలేదు, వేళ తప్పని మనిషిగా చూపించారు.

ఉద్దానానికి తుపాను వచ్చి పోయేది. పోనిది కిడ్నీ జబ్బు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా జనం మూత్రపిండాలు పాడై చనిపోతున్నారు. కచ్చితమైన కారణం ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, హిరమండలం నుంచి తాగునీటి పథకం వచ్చింది. డయాలసిస్ మీద ఉన్నవారికి వారానికి రెండు మూడు పూటలు, పూటకు నాలుగు గంటలు మంచం మీదే. చేతికి సూదులు. తాగే నీళ్లకు కూడా కొలత.

ఈ మంచం మీద ఉన్న ముస్లిం రోగి సజ్దా చేయలేడు, పడమర తిరగలేడు. ఇమ్రాన్ బిన్ హుసేన్ అనే సహచరుడు జబ్బు పడి అడిగినప్పుడు ప్రవక్త చెప్పింది ఇక్కడ వర్తిస్తుంది: నిలబడి చేయలేకపోతే కూర్చుని, అదీ కాకపోతే ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుని. తలను కొద్దిగా వంచితే రుకూ (నడుము వంచడం), ఇంకాస్త ఎక్కువ వంచితే సజ్దా. ఖిబ్లా వైపు తిరగలేకపోతే ఉన్న దిక్కుకే. నీళ్లు తగలకూడదంటే తయమ్ముం, శుభ్రమైన మట్టిని అరచేతులతో తాకి ముఖం, చేతులు తుడుచుకోవడం. వుజూ తర్వాత డయాలసిస్ మొదలైతే ఆ వుజూ నిలుస్తుందా లేదా అన్న దానిపై సంప్రదాయాల మధ్య తేడాలున్నాయి. ఒంట్లోంచి రక్తం పారితే వుజూ పోతుందని హనఫీలు, పోదని షాఫయీలు అంటారు. స్థానిక ఇమామును అడిగి ముందే తేల్చుకోవడం మేలు. ఏది ఏమైనా తప్పిపోయిన పూటను తర్వాత ‘ఖజా’గా తీర్చుకునే వీలుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నమాజు కిడ్నీకి మందు కాదు. ప్రార్థిస్తే క్రియాటినిన్ దిగుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ప్రతి రోగానికీ చికిత్స ఉంది, చికిత్స చేయించుకోండి అని చెప్పిన ప్రవక్త అనుచరులకు ఈ విషయంలో సందిగ్ధం ఉండకూడదు. ఓర్పు పేరుతో మంచినీటి కోసం, ఆసుపత్రి కోసం అడగడం మానేయడమూ తప్పే. నమాజు చేయగలిగింది వేరు. దీర్ఘరోగికి రోజంతా జబ్బు చుట్టూనే తిరుగుతుంది: మాత్రల వేళ, సూది వేళ, బస్సు వేళ. ఆ రోజులో జబ్బుతో సంబంధం లేని అయిదు వేళలు మిగులుతాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసిన పనినే, పద్ధతి మార్చి, ఇప్పటికీ చేస్తున్నాడు. తాను రోగి మాత్రమే కాదని అతనికి ఎవరూ విడిగా చెప్పనక్కర్లేదు.

ప్రయోగశాలల సంగతి కొంచెం. మలేసియాలో మలయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న ముప్పై మంది ముస్లిం పురుషులకు నమాజు చేస్తుండగా మెదడు తరంగాలు, గుండె లయ నమోదు చేశారు. విశ్రాంతిని సూచించే ఆల్ఫా తరంగాలు పెరిగాయి, ఒంటిని శాంతపరిచే నాడీవ్యవస్థ చురుకైంది. వినడానికి బాగుంది. అయితే ముప్పై మంది చాలా చిన్న సంఖ్య, అందరూ అలవాటు ఉన్నవాళ్లే. ఆ ఫలితాన్ని పట్టుకుని సైన్సు రుజువు చేసిందని కరపత్రాలు వేయడం తొందరపాటు. అసలు శాంతి కోసమే నమాజు చేసేవాడు, అది రాని రోజున మానేస్తాడు. విధిగా చేసేవాడు మానడు. ఆ మానకపోవడంలోంచే కొందరికి, కొన్నాళ్లకు, నెమ్మది వస్తుంది.

ఉద్దానం నుంచి గల్ఫ్‌కు వెళ్లిన పనివారికి ఇలా మానకుండా చేయడం కొత్త సంగతి కాదు. వారిలో ముస్లింలు కానివారే ఎక్కువ. సౌదీలో నమాజు వేళ దుకాణాలు మూసేసే పద్ధతిని 2021లో సడలించేదాకా, తెలుగు కూలీ కూడా అజాన్‌ను బట్టే సరుకులు కొనుక్కునేవాడు. ఒకే గదిలో ఉండే తోటి కార్మికుడు తెల్లవారుజామున లేచి, చప్పుడు కాకుండా వుజూ చేసి, రెండు రకాతులు ముగించి డ్యూటీకి వెళ్లడం ఏళ్ల తరబడి చూసినవాళ్లు ఈ తీరంలోని ఊళ్లలో ఉన్నారు. ఇస్లాం గురించి వారి మాట చాలా వ్యాసాల కంటే నమ్మదగినది.

చివరగా ఈ సభకు ఒక పని. పలాస, టెక్కలి రేఖాంశాలకు లెక్కించిన ఏడాది పొడుగు నమాజు వేళల పట్టికను తెలుగులో అచ్చు వేయించాలి. అది మసీదులో మాత్రమే ఉంటే చాలదు, డయాలసిస్ షిఫ్టులు రాసే నర్సు బల్ల మీదా, జీడి పరిశ్రమలో పని పంచే మేస్త్రీ గదిలోనూ ఉండాలి. జుహర్‌కు మూడు నాలుగు గంటల వ్యవధి ఉంటుంది, దానికి సర్దుబాటు కష్టం కాదు. మగ్రిబ్‌కు ఉండేది గంటా పావే. డిసెంబరులో సాయంత్రం అయిదింటికి మొదలై తొమ్మిదింటికి ముగిసే షిఫ్టు ఆ పూటను పూర్తిగా మింగేస్తుంది. అలాంటి రోగిని మధ్యాహ్నం షిఫ్టుకు మార్చగలరేమో ఆసుపత్రి వారితో మాట్లాడాలి, పట్టిక చేతిలో ఉంటే ఆ మాట త్వరగా తెములుతుంది.